బోర్డు మీద ఎవరి లెక్క?

(శిశు సంరక్షణ – స్త్రీల హక్కులు అన్న అంశంపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం వినడానికి చాలా చిన్నది. పిల్లల్ని చూసుకునే కేంద్రాలు – అది పల్లెలో అంగన్‌వాడీ కావచ్చు, ఫ్యాక్టరీలో క్రెష్ కావచ్చు, పట్నంలో నెలకు వేలకు వేలు తీసుకునే ప్రైవేటు డేకేర్ కావచ్చు – తాము నియమాలను ఎంతవరకు పాటిస్తున్నాయో, చివరి తనిఖీ ఎప్పుడు జరిగిందో, అందులో ఏ లోపాలు తేలాయో గుమ్మం దగ్గర అందరికీ కనబడేలా రాసి పెట్టాలా, వద్దా? ఇదీ ప్రశ్న. "వేతనాల గురించి, హింస గురించి మాట్లాడవలసిన చోట ఒక బోర్డు గురించి ఉపన్యాసమా?" అని నిన్న ఒక మిత్రురాలు నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఈ బోర్డు వెనక స్త్రీల శ్రమకు సంబంధించిన పెద్ద కథ ఉంది. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. రెండూ చెబుతాను.

ముందు నా ఇంటి నుంచే మొదలుపెడతాను. మా అమ్మాయికి ఏడాదిన్నర వయసప్పుడు నేను మళ్ళీ ఉద్యోగంలో చేరవలసి వచ్చింది. మా అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు. అత్తగారు ఊళ్ళో ఉండేవారు. హైదరాబాదులో మా ఇంటికి దగ్గరలో ఉన్న నాలుగు డేకేర్‌లు తిరిగాను. అన్నిచోట్లా గోడల మీద ఏనుగులు, సీతాకోకచిలుకలు. ఒకచోట యజమానురాలిని మూడు ప్రశ్నలు అడిగాను. మీకు రిజిస్ట్రేషన్ ఉందా? ఎంతమంది పిల్లలకు ఒక ఆయా? ఇప్పటివరకు ఏ అధికారైనా వచ్చి చూశారా? ఆవిడ మొహం మాడ్చుకుని, "మేడం, నమ్మకం లేకపోతే వేరేచోట చూసుకోండి" అంది. నేను చూసుకోలేదు. సోమవారం ఉద్యోగంలో చేరాలి. పిల్లను అక్కడే వదిలాను. ఆ ఏడాది అంతా క్లాసులో పాఠం చెబుతున్నంతసేపూ నా సగం మనసు ఆ గోడల మీది ఏనుగుల దగ్గరే ఉండేది.

నేను సోషియాలజీలో డాక్టరేట్ చేసిన మనిషిని. ఏ ప్రశ్న అడగాలో తెలుసు. అడిగాను కూడా. అయినా జవాబు రాబట్టే బలం నాకు లేకపోయింది. ఎందుకు? ఆ జవాబు చెప్పి తీరాలన్న నియమం ఆమెకు లేదు. చెప్పకపోతే అడగవలసిన అధికారి ఎవరో నాకు తెలియదు. హోటలు పెట్టుకున్నవాడు ఆహార భద్రత లైసెన్సు నెంబరు గోడకు తగిలించాలి. చౌకధరల దుకాణం ముందు నిల్వలు, ధరల బోర్డు ఉండాలి. ఇడ్లీకి, బియ్యానికి ఉన్న ఈ మాత్రం ఏర్పాటు పసిపిల్లను పది గంటల సేపు అప్పగించే చోట ఎందుకు లేదు?

దీనికి జవాబు వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. పిల్లల పెంపకం ఇంటి విషయమని, అది తల్లి పనేనని ఈ సమాజం అనుకుంటోంది. తల్లి బయటికి పోతే ఆ పనిని ఇంకో ఆడమనిషి – అమ్మమ్మో, అక్కో, తక్కువ జీతానికి ఆయానో – చేస్తుంది. అంటే ఇది శ్రమ కాదు, సేవ కాదు, ప్రేమ. ప్రేమకు లెక్కలేమిటి, తనిఖీలేమిటి? ఇదీ పితృస్వామ్యపు వాదన. ఇందులో ఇంకో మెలిక ఉంది. పిల్లకు ఏదైనా జరిగితే మాత్రం ఎవరూ "కేంద్రం నియమాలు పాటించిందా?" అని అడగరు. "తల్లి ఎక్కడుంది?" అని అడుగుతారు. సమాచారం ఇవ్వకుండా బాధ్యత మాత్రం స్త్రీ నెత్తిన పెట్టడం – దీన్నే మనం మర్యాదగా నమ్మకం అంటున్నాం.

చట్టాలు ఏమంటున్నాయి?

మన దేశంలో గోడ మీద రాసిపెట్టడం అనే ఆలోచన కొత్తదేం కాదు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో 19వ సెక్షన్ ఉండేది. స్త్రీలు పనిచేసే ప్రతి విభాగంలోనూ ఆ చట్టం సారాంశాన్ని స్థానిక భాషలో, అందరికీ కనబడే చోట యజమాని ప్రదర్శించాలని అది చెప్పింది. 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా నోటీసులు మెజారిటీ కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలంది. అదే చట్టంలో 48వ సెక్షన్ క్రెష్ గురించి. మొదట యాభై మందికి మించి స్త్రీలు ఉన్నచోట క్రెష్ ఉండాలన్నారు. 1976 సవరణతో అది ముప్పై మంది అయింది. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం యాభై మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఉండాలంది. 2005 ఉపాధి హామీ చట్టంలో, పనికి వచ్చే తల్లుల వెంట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టాలని రాశారు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, యాభైమంది లేదా అంతకు మించి ఉద్యోగులు ఉన్న సంస్థలకు క్రెష్ తప్పనిసరి చేశారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చన్నారు. ఈ సౌకర్యాల గురించి ఉద్యోగంలో చేరేటప్పుడే రాతపూర్వకంగా తెలియజేయాలన్నారు. ఆ తర్వాత 2020లో చేసిన లేబర్ కోడ్‌లలో పాత చట్టాలను చాలావరకు కలిపేశారు.

ఇన్ని రాశారు కదా, మరి లోటేమిటి? గోడ మీద పెట్టమన్నది చట్టం సారాంశాన్ని. ఆ చట్టం అక్కడ అమలైందో లేదో తెలిపే లెక్కను కాదు. "మీకు క్రెష్ హక్కు ఉంది" అని రాయడం ఒకటి. "ఈ ఫ్యాక్టరీలో క్రెష్ ఫలానా తేదీన తెరిచారు, ఇంతమంది పిల్లలు ఉన్నారు, ఇద్దరు ఆయాలు ఉండాల్సిన చోట ఒక్కరే ఉన్నారు, ఇన్‌స్పెక్టరు ఫలానా రోజు వచ్చి ఈ లోపం రాశారు, ఫలానా రోజుకు సరిదిద్దాలి" అని రాయడం మరొకటి. మొదటిది చదివితే మనకు జ్ఞానం వస్తుంది. రెండోది చదివితే అడిగే హక్కు చేతికొస్తుంది. హైదరాబాదు చుట్టుపక్కల అపార్టుమెంట్లు లేస్తున్న చోటికి వెళ్ళి చూడండి. ఇసుక కుప్ప మీద, కట్టిన చీర ఊయలలో పాలమూరు పిల్లలు, ఒడిషా పిల్లలు ఉంటారు. 1996 నాటి చట్టం ఆ గది సంగతి రాసి ఇన్నేళ్ళయినా గది ఎక్కడుందని అడగడానికి ఆ తల్లి చేతిలో ఒక్క కాగితం ముక్క లేదు.

ఇక అంగన్‌వాడీలు. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైంది. చాలాకాలం అది ప్రభుత్వం దయతో నడిపే కార్యక్రమమే. ప్రజల పోరాటాలు, న్యాయపోరాటం కలిసి దాన్ని హక్కుగా మార్చాయి. పౌరహక్కుల ప్రజాసంఘం 2001లో వేసిన ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు ఆ ఏడాది నవంబరు 28న ఇచ్చిన ఉత్తర్వులో ఆహార పథకాలన్నిటినీ చట్టబద్ధమైన హక్కులుగా గుర్తించింది. 2004 అక్టోబరు 7న ఇచ్చిన ఉత్తర్వు మనకు మరీ ముఖ్యం. అంగన్‌వాడీలకు పౌష్టికాహారం సరఫరాలో కాంట్రాక్టర్లను వాడవద్దని అందులోనే చెప్పింది. ఏ ఊళ్ళో కేంద్రం పనిచేస్తోంది, ఎంతమందికి అందుతోంది, ఎన్ని నిధులు వచ్చాయి, ఎన్ని ఖర్చయ్యాయి అన్న పూర్తి వివరాలు రాష్ట్రాలు వెబ్‌సైట్‌లో పెట్టాలని కూడా అందులోనే చెప్పింది. సరఫరా ఎవరు చేస్తున్నారన్న ప్రశ్న, లెక్క ఎవరికి కనబడుతోందన్న ప్రశ్న – రెండూ ఒకే ఉత్తర్వులో ఉండటం యాదృచ్ఛికం కాదనుకుంటాను. 2006 డిసెంబరు 13న అదే కేసులో, ఆరేళ్ళలోపు పిల్లలు నలభైమంది ఉండి కేంద్రం లేని వాడ అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలని కోర్టు చెప్పింది.

2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకముందే తమంతట తామే వివరాలు వెల్లడించాలి, అదీ స్థానిక భాషలో. వెల్లడించడం అంటే నోటీసు బోర్డుల మీద రాయడం, చాటింపు వేయడం కూడా అని ఆ చట్టమే వివరణ ఇచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టం 28వ సెక్షన్ ఇలాంటి పథకాలకు సామాజిక తనిఖీ జరగాలని, అందులో తేలిన విషయాలు ప్రజలకు తెలియజేయాలని, తగిన చర్య తీసుకోవాలని చెప్పింది. కాబట్టి మనం ఈరోజు కొత్త కోరిక కోరడం లేదు. ఉన్న చట్టాన్ని అంగన్‌వాడీ గుమ్మం దాకా నడిపించమంటున్నాం.

నా తప్పు

ఇప్పుడు నేను చెబుతానన్న తప్పు సంగతి.

2014లో తెలంగాణలో ఒక జిల్లాలో కొందరు మిత్రులతో కలిసి అంగన్‌వాడీల పరిశీలనకు వెళ్ళాను. మన రెండు తెలుగు ప్రాంతాలకూ అప్పటికే సామాజిక తనిఖీ బాగా తెలుసు. 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదలుపెట్టిన బహిరంగ విచారణల స్ఫూర్తితో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల లెక్కలు ఊరందరి ముందూ చదవడం మొదలైంది. ఆ పద్ధతి మీద నాకు గొప్ప నమ్మకం. ఇప్పటికీ ఉంది.

ఒక ఊళ్ళో ఒక తల్లిని అడిగాను, మీ అబ్బాయికి రోజూ గుడ్డు పెడుతున్నారా అని. ఆమె అన్న మాట నేను మరచిపోలేదు. "నాకెట్ల తెలుస్తది మేడం? నేను పొద్దున్నే పత్తి ఏరవోత. వాడు మూడేండ్లోడు. ఏమడిగినా తిన్న అంటడు." చూడండి, ఎంత పెద్ద మాట! ప్రపంచంలో ఏ సేవనైనా వాడుకున్న మనిషి బాగుందో లేదో చెబుతుంది. ఇక్కడ వాడుకునే మనిషికి ఇంకా మాటలే సరిగా రావు. మాటలొచ్చిన తల్లి అక్కడ ఉండదు. అందుకే ఈ ఒక్క చోట రాత కావాలి. బిడ్డ బదులు గోడ మాట్లాడాలి.

ఆ ఊరి కేంద్రంలో రిజిస్టర్లు చూశాం. నెలలో పదకొండు రోజులు గుడ్లు పెట్టలేదని తేలింది. మా నివేదికలో రాశాం. పెద్ద అట్ట మీద ఎర్ర అక్షరాలతో కూడా రాసి, గ్రామసభలో నేనే చదివాను. జనం నుంచి పెద్ద గోల లేచింది. అధికారులు తలలూపారు. ఆ సాయంత్రం నాకు చాలా తృప్తిగా అనిపించింది.

రెండు నెలల తర్వాత అదే ఊరికి వెళితే టీచరుకు మెమో ఇచ్చారని, ఒక నెల గౌరవ వేతనం ఆపారని తెలిసింది. నేను ఆమె ఇంటికి వెళ్ళాను. కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది. తర్వాత లోపలికి వెళ్ళి ఒక పాత నోట్‌బుక్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. గుడ్లు ఏ తేదీన రావాలి, ఏ తేదీన వచ్చాయి, ఎన్ని పగిలి వచ్చాయి, సూపర్‌వైజరుకు ఏ రోజు ఫోన్ చేసింది, కేంద్రానికి అద్దె ఎన్ని నెలలుగా రాలేదు, తన చేతి నుంచి ఎంత కట్టింది – అన్నీ అందులో ఉన్నాయి. పదకొండు రోజులూ ఆమె దగ్గరికి గుడ్లే రాలేదు. "మేడం, మీరు నా రిజిస్టర్ సదివిన్రు. దాని కిందున్న నోట్‌బుక్ అడగలే" అంది. కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా గుచ్చుకుంటుంది.

నేను చదివిన అంకె అబద్ధం కాదు. కానీ ఆ అంకె కింద ఎవరి పేరు ఉందో చూడలేదు. నేను అట్ట మీద రాసింది టీచరు లెక్క. సరఫరాదారు లెక్క, శాఖ లెక్క అక్కడ లేవు. ఊరి ముందు నిలబెట్టడానికి మాకు దొరికింది అందరికన్నా తక్కువ డబ్బు తీసుకుంటున్న ఆడమనిషి. అధికారులకూ ఆమే దొరికింది. ఆమె తరపున నేను రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు.

ఆమెను ప్రభుత్వం ఉద్యోగి అనదు, కార్యకర్త అంటుంది. జీతం అనదు, గౌరవ వేతనం అంటుంది. 2018లో కేంద్రం తన లెక్కన నిర్ణయించిన ఈ గౌరవ వేతనం టీచరుకు నెలకు 4,500, ఆయాకు 2,250. రాష్ట్రాలు దానిమీద కొంత కలుపుతాయి. ఈ ఆడవాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పించుకోవడానికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేస్తే మధ్యలో వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించారు. హక్కులు అడిగినప్పుడు "మీరు స్వచ్ఛంద సేవకులు" అంటారు. సమ్మె చేస్తే "మీది అత్యవసర సర్వీసు" అంటారు. ఈ రెండు నాలుకల ప్రభుత్వం గోడ మీద బోర్డు పెట్టమంటే ఆ బోర్డు ఎవరి మెడకు చుట్టుకుంటుందో మనం ముందే ఆలోచించాలి.

బోర్డుకు రెండు వైపులు

అయితే బోర్డే వద్దందామా? కొందరు కార్మిక సంఘాల మిత్రులు అలాగే అంటారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. అయినా నేను ఒప్పుకోను. లెక్క దాచితే టీచరుకు రక్షణ దొరకదు. ఆమె నోట్‌బుక్ ట్రంకుపెట్టెలో ఉండబట్టే కదా ఆమెకు మెమో వచ్చింది! ఆ నోట్‌బుక్‌లో ఉన్నదే గోడ మీద ఉండి ఉంటే ఊరు ఆ రోజు ఆమెను నిలదీసి ఉండేది కాదు, ఆమె పక్కన నిలబడేది.

కాబట్టి బోర్డు మీద రెండు వరసలు ఉండాలి. ఒక వరసలో కేంద్రం పిల్లలకు ఏం ఇవ్వాలి, ఏం ఇచ్చింది. రెండో వరసలో ప్రభుత్వం లేదా యజమాని ఆ కేంద్రానికి ఏం ఇవ్వాలి, ఏం ఇచ్చారు. గుడ్లు, పాలు, బాలామృతం ఏ తేదీన రావాలి, ఏ తేదీన వచ్చాయి. టీచరు, ఆయా పోస్టులు నిండి ఉన్నాయా, ఖాళీగా ఉంటే ఎన్నాళ్ళుగా. అద్దె ఎప్పటిదాకా కట్టారు. మరుగుదొడ్డి, మంచినీళ్ళు, బరువు తూచే యంత్రం ఉన్నాయా, పనిచేస్తున్నాయా. చివరి తనిఖీ తేదీ, తేలిన లోపం, అది సరిదిద్దవలసిన అధికారి హోదా, గడువు. ఫిర్యాదు ఎవరికి చేయాలి. ఇంతే. ఇంతకు మించి అక్కర్లేదు.

ఏది ఉండకూడదో కూడా చెప్పాలి. పిల్లల పేర్లు, బరువులు ఉండకూడదు. ఎదుగుదల చార్టులో ఆకుపచ్చ, పసుపు, నారింజ గళ్ళు మీకు తెలుసు. నారింజ గడిలో ఉన్న బిడ్డ పేరు గోడ మీద పెడితే ఏం జరుగుతుంది? ఆ బిడ్డ తల్లిని అత్త, ఊరు కలిసి కాల్చుకు తింటారు. కులం పేరు చెప్పి ఎత్తిపొడుస్తారు. ఎందరు పిల్లలు ఏ గడిలో ఉన్నారన్న మొత్తం అంకె చాలు. ఆ బిడ్డ సంగతి తల్లికీ టీచరుకూ ఏఎన్ఎంకూ తెలిస్తే చాలు. బయటికి కనబడవలసింది వ్యవస్థ లెక్క. పేదవాళ్ళ ఒళ్ళు కాదు.

ఇప్పుడు జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ వచ్చింది. టీచరు ఫోనులో హాజరు కొట్టాలి, బరువు కొట్టాలి, ఫోటో పెట్టాలి. 2025 జులై నుంచి ఇంటికిచ్చే పౌష్టికాహారానికి తల్లి ముఖం గుర్తింపు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని తండాలో తల్లి ఎండలో నిలబడి ఫోను ముందు కళ్ళు ఆర్పాలి. సమాచారమంతా కింద నుంచి పైకి పోతోంది. తల్లి తన ముఖం ప్రభుత్వానికి చూపించాలి. ప్రభుత్వం మాత్రం తన లెక్క ఆ తల్లికి చూపించదు. పారదర్శకత అన్న మాటను మనం కోరింది ఇందుకు కాదు.

ఇతర దేశాల సంగతి

మా అక్క నిరుడు కూతురి పురిటికి మెల్‌బోర్న్ వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చింది. మన తెలుగు అమ్మమ్మలు పాస్‌పోర్టు పట్టుకుని దేశాలు దాటి చేస్తున్న ఈ జీతం లేని చాకిరీ మీద ఎవరైనా పరిశోధన చెయ్యాలి, అది వేరే సంగతి. అక్కడ మనవరాలి డేకేర్ గుమ్మం దగ్గర ఒక కాగితం చూశానని, దాని మీద "మార్కులు" ఉన్నాయని అక్క ఆశ్చర్యంగా చెప్పింది. ఆస్ట్రేలియాలో 2012 నుంచి దేశమంతటికీ ఒకే నాణ్యతా విధానం ఉంది. పిల్లల ఆరోగ్యం, భద్రత, సిబ్బంది, కుటుంబాలతో సంబంధం వంటి ఏడు అంశాల్లో ప్రతి కేంద్రానికీ రేటింగ్ ఇస్తారు. ఆ రేటింగు, కేంద్రం బాధ్యుల పేర్లు, ఏ నియమం నుంచైనా మినహాయింపు పొందితే ఆ వివరం, ఫిర్యాదు చేయవలసిన ఫోను నెంబరు లోపలికి అడుగుపెట్టగానే కనబడాలని చట్టం చెబుతుంది. అమెరికాలో 2014లో చేసిన చట్టం ప్రకారం తనిఖీ ఫలితాలను రాష్ట్రాలు వెబ్‌సైట్‌లో పెట్టాలి.

ఇది విని అక్కడంతా స్వర్గమని అనుకోనక్కర్లేదు. 2025లో విక్టోరియా రాష్ట్రంలో ఒక శిశు సంరక్షణ ఉద్యోగి మీద వచ్చిన లైంగిక నేరాల ఆరోపణలు ఆ దేశాన్ని కుదిపేశాయి. ప్రమాణాలు పాటించని కేంద్రాలకు ప్రభుత్వ సబ్సిడీ ఆపడానికి వీలిచ్చే చట్టం ఆ ఏడాదే హడావిడిగా చేశారు. గోడ మీద రేటింగ్ ఉన్నంత మాత్రాన పిల్లలు క్షేమమని కాదు. తనిఖీ మాటిమాటికీ జరగకపోతే రేటింగ్ పాతబడుతుంది. లాభం కోసం నడిచే చోట సిబ్బందిని తగ్గించాలన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. ఇంకో సంగతి. మంచి రేటింగ్ ఉన్న చోటికి పోవాలంటే పోవడానికి ఇంకో చోటు ఉండాలి, డబ్బు ఉండాలి. మన ఊళ్ళో ఉన్నది ఒక్క అంగన్‌వాడీ. దానికి తక్కువ మార్కులిచ్చి "ఇష్టం లేకపోతే వేరేచోట చూసుకోండి" అంటే, అది నాకు డేకేర్ యజమానురాలు చెప్పిన మాటే. మనకు కావలసింది కేంద్రాన్ని ఎంచుకునే వినియోగదారుల బోర్డు కాదు. ఉన్న కేంద్రాన్ని బాగు చేయించుకునే పౌరుల బోర్డు. అందుకే నేను నక్షత్రాలు, గ్రేడులు అడగడం లేదు. లోపం ఏమిటి, ఎవరు సరిదిద్దాలి, ఎప్పటిలోగా – ఈ మూడే అడుగుతున్నాను.

కొన్ని అభ్యంతరాలు

చదువురాని తల్లులకు బోర్డు ఏం ఉపయోగం అంటారు. నిజమే. అందుకే నెలకొకసారి తల్లుల సమావేశంలో దాన్ని పైకి చదవాలి. చదివిన తర్వాత ఎవరేమన్నారో రాయాలి. సారా వ్యతిరేక ఉద్యమంలో దూబగుంట ఆడవాళ్ళు ఎంత చదువుకుని కదిలారో మనకు తెలుసు. చదవడం నేర్చుకుంటున్న వాళ్ళే 1990ల మొదట్లో ఒక ప్రభుత్వాన్ని కదిలించారు.

దొంగ లెక్కలు రాస్తారు అంటారు. రాస్తారు. కానీ రిజిస్టరులో దొంగలెక్క ఆఫీసు బీరువాలో పడి ఉంటుంది. గోడ మీది దొంగలెక్కను ఊళ్ళో నలభై మంది తల్లులు రోజూ చూస్తారు. "ఇవాళ పాలు వచ్చినట్టు రాశావు, మా పిల్ల తాగలేదే" అనడానికి ఎవరో ఒకరు ఉంటారు.

టీచరుకు ఇంకో పని పెరుగుతుంది అంటారు. ఇది అన్నిటికన్నా న్యాయమైన అభ్యంతరం. 2012 తర్వాత ఆమె చేతికి పదకొండు రిజిస్టర్లు ఇచ్చారు. వాటి మీద ఫోను వచ్చి పడింది. బోర్డు దీనికి పన్నెండోది కాకూడదు. మొదటి వరస టీచరు రాస్తే, రెండో వరస – సరఫరా, అద్దె, ఖాళీలు – సూపర్‌వైజరు తన సంతకంతో రాయాలి. ఎవరి బాకీ వాళ్ళే తమ చేత్తో రాసుకోవాలి. ఫ్యాక్టరీలో అయితే యజమాని, లేబర్ ఇన్‌స్పెక్టరు రాయాలి. ప్రైవేటు డేకేర్‌లకు సమాచార హక్కు చట్టం వర్తించదు. వాటికి ముందు తప్పనిసరి రిజిస్ట్రేషన్ చట్టం కావాలి. జాతీయ బాలల హక్కుల కమిషన్ ప్లే స్కూళ్ళకు మార్గదర్శకాలు ఇచ్చింది కానీ, మార్గదర్శకాన్ని పాటించకపోతే అడిగే నాథుడు ఉండడు.

మనం ఏం చేద్దాం?

ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ సభ నుంచి వెళ్ళాక మూడు పనులు చేయగలం. మొదటిది, ప్రతి మండలంలో మన సంఘం సభ్యులు ఒక అంగన్‌వాడీకి వెళ్ళి టీచరుతో, ఆయాతో ముందు మాట్లాడి, వాళ్ళు ఒప్పుకుంటేనే, రెండు వరసల బోర్డు ఒకటి రాసి పెట్టించడం. రెండోది, ఐసీడీఎస్ ప్రాజెక్టు ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ కేంద్రానికి సరఫరా తేదీలు, అద్దె బకాయిలు, తనిఖీ నివేదికలు తీసుకుని బోర్డుతో పోల్చడం. మూడోది, స్త్రీలు పనిచేసే ఫ్యాక్టరీలు, పెద్ద దుకాణాలు, ఆసుపత్రులు, కాలేజీల్లో క్రెష్ ఉందా, తనిఖీ ఎప్పుడు జరిగింది అని కార్మిక శాఖను అడగడం. మా కాలేజీతో నేను మొదలుపెడతాను.

ఒక్క షరతు. ఏ కేంద్రంలో ఏ లోపం కనబడ్డా, దాన్ని ఊరి ముందు చదివే ముందు అక్కడ పనిచేసే ఆడమనిషిని "నీ నోట్‌బుక్ ఏది?" అని అడగాలి. నేను అడగలేదు. దాని ఖరీదు ఇంకొకరు ఒక నెల గౌరవ వేతనంతో కట్టారు.

ఆ టీచరు ఇప్పటికీ అదే కేంద్రంలో పనిచేస్తోంది. ఈ సభకు రమ్మని ఫోన్ చేశాను. సెలవు దొరకలేదంది. "ఏం మాట్లాడుతున్నరు మేడం?" అని అడిగింది. బోర్డు గురించి అన్నాను. కాసేపు ఆగి, "మంచిది. గుడ్లు ఎన్నడొచ్చినయో రాసే జాగ ఎక్కువ ఉంచమను" అంది.

ఆమె అడిగిన ఆ జాగా కోసమే ఈ మాటలన్నీ. సెలవు.